భాగం – 12 : పదక్రీడలు – రచయితకు సాధన

12.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• పదక్రీడలోని నియమం రచనకు ఎలా తోడ్పడుతుందో వివరించగలుగుతారు.
• దత్తపది, సమస్య, నిషిద్ధాక్షరి అనే అవధాన అంశాలను నేటి వచన రచనకు అన్వయించగలుగుతారు.
• ఇంగ్లీషు కోసం పుట్టిన ఆటలు తెలుగులోకి వచ్చినప్పుడు అక్షరాల లెక్కలో వచ్చే తేడాను గుర్తించగలుగుతారు.
• ఆన్‌లైన్ ఆటల పదపట్టికకు, జీవద్భాషకు ఉన్న తేడాను చర్చించగలుగుతారు.
• మీ ఊరి పేర్లతో, మీ మాటలతో సొంతంగా పదక్రీడలు తయారుచేసుకుని వాటినుంచి వాక్యాలు రాయగలుగుతారు.

12.1 ప్రస్తావన

రచన నేర్చుకోవాలనుకునే వారిలో చాలామందికి స్థిమితంగా కూర్చుని రాసే వీలు దొరకదు. మేడ్చల్ చుట్టుపక్కల కర్మాగారాల్లో, శామీర్‌పేట దగ్గరి జీనోమ్ వ్యాలీ పరిశ్రమల్లో షిఫ్టులు చేస్తూ, ఇంటి పనులు చూసుకుంటూ దూరవిద్యలో చేరినవారికి దొరికేది బస్సులో అరగంట, భోజన విరామంలో పది నిమిషాలు. ఆ సమయంలో చేతిలో ఉండేది ఫోను. ఫోను నిండా పదాల ఆటలున్నాయి. గళ్ళు నింపేవి, దాచిన పదాన్ని ఊహించేవి, చెదిరిన అక్షరాలను కూర్చేవి ఇలా ఎన్నో రకాలు. ఇవి వట్టి కాలక్షేపమా, లేక రచనకు పనికివచ్చే సాధనా అన్నది ఈ భాగంలో మనం పరిశీలించే ప్రశ్న.

ఈ ప్రశ్నకు అన్ని ఆటలకూ వర్తించే జవాబు ఒకటే ఉండదు. అయితే ఏ ఆటనైనా పరీక్షించడానికి రెండు గీటురాళ్ళు పెట్టుకోవచ్చు. మొదటిది: ఆట ముగిసేసరికి మీరు రాసిన వాక్యం ఒక్కటైనా మిగలాలి. రెండోది: ఆ ఆట తెలుగు అక్షరాన్ని, మీరు మాట్లాడే మాటను లెక్కలోకి తీసుకోవాలి. మొదటి గీటురాయికి నిలవని ఆట వినోదంగా మిగిలిపోతుంది. రెండోదానికి నిలవని ఆట మీ భాష మీద మీకున్న నమ్మకాన్ని మెల్లగా తగ్గిస్తుంది. ఈ రెండు విషయాలనూ ఉదాహరణలతో చూద్దాం.

12.2 ఆటలో నియమం ఎందుకు?

ఏదైనా ఒక విషయం మీద రాయడానికి కూర్చోగానే మనసుకు మొదట తట్టే మాట సాధారణంగా అందరికీ తట్టే మాటే. చెరువు గురించి రాస్తే ‘అందమైన’, పల్లె గురించి రాస్తే ‘పచ్చని’, తల్లి గురించి రాస్తే ‘ప్రేమమయి’ అనే మాటలు పిలవకుండానే వస్తాయి. పదక్రీడలోని నియమం ఈ మొదటి మాటకు అడ్డుపడుతుంది. అప్పుడు రచయిత రెండో మాట కోసం, మూడో మాట కోసం వెతకాలి. ఆ వెతుకులాటలో అతడు మాటల వైపే కాకుండా వస్తువు వైపు కూడా మళ్ళీ చూడవలసి వస్తుంది. నియమం వల్ల కలిగే అసలు ప్రయోజనం ఇదే.

ఈ సంగతి తెలుగు కవులకు కొత్త కాదు. మేడ్చల్‌కు నైరుతి దిక్కున ఉన్న పటాన్‌చెరు ఇందుకు మంచి నిదర్శనం. కుతుబ్‌షాహీల కాలంలో, 16వ శతాబ్దంలో, పొన్నగంటి తెలగనార్యుడు ‘యయాతి చరిత్రము’ అనే కావ్యం రాసి పటాన్‌చెరు ప్రభువైన అమీన్‌ఖాన్‌కు అంకితమిచ్చాడు. సంస్కృతం నుంచి మార్పు లేకుండా వచ్చిన తత్సమ పదాలను వాడకూడదన్నది ఆయన పెట్టుకున్న నియమం. పురాణకథ చెప్పాలి, కాని పురాణాల భాషలోని మాటలు వాడకూడదు! తెలుగులో తొలి అచ్చ తెలుగు కావ్యంగా దానికి పేరు వచ్చింది. అదే కాలానికి చెందిన మరింగంటి సింగరాచార్యుడు ‘దశరథరాజనందన చరిత్ర’ను నిరోష్ఠ్యంగా రాశాడు. నిరోష్ఠ్యం అంటే పెదవులు తగిలితేనే పలికే అక్షరాలు లేని రచన. రామకథ రాస్తూ ‘రామ’ అనే మాటలోని మకారాన్నే వదులుకోవడం ఎంత కష్టమో ఊహించండి.

ఐరోపాలో ఇలాంటి ప్రయత్నం 20వ శతాబ్దంలో ఒక సాహిత్య ఉద్యమంగా మారింది. రెమోఁ కెనో, ఫ్రాన్స్వా ల లియోనే 1960లో పారిస్‌లో ‘ఊలిపో’ అనే బృందాన్ని స్థాపించారు. రచయితలు, గణితవేత్తలు కలిసి కొత్త నియమాలు కనిపెట్టి వాటితో రాయడం ఆ బృందం పని. అందులో సభ్యుడైన జార్జ్ పెరెక్ ఫ్రెంచి భాషలో అన్నిటికన్నా ఎక్కువగా వాడే అచ్చు అక్షరాన్ని పూర్తిగా వదిలిపెట్టి 1969లో ఒక నవల ప్రచురించాడు. ఆ నవలలో ఒక మనిషి మాయమవుతాడు. భాషలో మాయమైన అక్షరమూ, కథలో మాయమైన మనిషీ ఒకదానికొకటి అద్దం పడతాయి. నియమం కథావస్తువుతో కలిసినప్పుడు ఆట సాహిత్యమవుతుందని దీనివల్ల తెలుస్తుంది.

12.3 అవధానం నేర్పే పాఠాలు

పదక్రీడలను సభలో, అందరి ఎదుట, ఆశువుగా ఆడే ప్రక్రియ అవధానం. అష్టావధానంలో 8 మంది పృచ్ఛకులు 8 రకాల పరీక్షలు పెడతారు. దివాకర్ల తిరుపతి శాస్త్రి (1872–1920), చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి (1870–1950) తిరుపతి వేంకట కవులుగా ఊరూరా అవధానాలు చేసి ఈ ప్రక్రియను జనంలోకి తీసుకువెళ్ళారు. మనం అవధానులం కానక్కరలేదు. వచనం రాసేవారికి కూడా ఉపయోగపడే మూడు అంశాలను ఇక్కడ చూద్దాం.

అ) దత్తపది: పృచ్ఛకుడు సాధారణంగా నాలుగు పదాలు ఇస్తాడు. వాటిని పద్యంలోని నాలుగు పాదాల్లో ఒక్కొక్కటిగా ఇమడ్చాలి. ఇచ్చిన పదాన్ని దాని మామూలు అర్థంలో కాకుండా వేరే మాటల మధ్య కలిసిపోయేలా వాడటంలో నేర్పు ఉంది. ఉదాహరణకు, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని ‘కీసర’ను ఊరి పేరుగా కాకుండా వాడాలనుకుందాం. “నీకీ సరదా ఎందుకు?” అనే వాక్యంలో కీసర దాగి ఉంది. నీకు + ఈ = నీకీ అన్న ఉత్వసంధి ఇక్కడ మనకు సాయం చేసింది. పాఠశాలలో సూత్రంగా వల్లెవేసిన సంధి ఆటలో పనిముట్టుగా మారడం గమనించండి.

ఆ) సమస్య: పద్యం చివరి పాదాన్ని ముందే ఇస్తారు. అది అసంగతంగానో, అసంభవంగానో ఉంటుంది. మిగిలిన పాదాలతో దానికి సమంజసమైన అర్థం తేవాలి. ఆకాశవాణి కేంద్రాలు శ్రోతలకు సమస్యలిచ్చి, వచ్చిన పూరణలను ప్రసారం చేసేవి. నేడు ఇంటర్‌నెట్‌లోనూ సమస్యాపూరణ సాగుతోంది. కథారచయితకు కూడా ఇది మంచి శిక్షణ. ముగింపు తెలిసినప్పుడు దానికి దారితీసే పరిస్థితిని నిర్మించడమే కదా కథనం!

ఇ) నిషిద్ధాక్షరి: కవి ఒక్కో అక్షరం చెబుతుంటే, తరవాత ఏ అక్షరం రాబోతోందో పృచ్ఛకుడు ఊహించి దాన్ని నిషేధిస్తాడు. కవి ఆ అక్షరాన్ని తప్పించుకుని మరో దారిలో పద్యాన్ని నడపాలి. ఇక్కడ పృచ్ఛకుడి బలమంతా ఊహలో ఉంది. కవి అందరూ నడిచే దారిలో నడిస్తే వెంటనే దొరికిపోతాడు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. అచ్చ తెలుగు కావ్యంలో ఏ రకమైన పదాలు నిషిద్ధం?
2. సమస్యాపూరణకు, కథనానికి ఉన్న పోలిక ఏమిటి?

12.4 గళ్ళ నుడికట్టు నుంచి ఫోను తెర వరకు

అచ్చులో వచ్చిన ఆధునిక పదక్రీడల్లో ముఖ్యమైనది గళ్ళ నుడికట్టు. దీన్నే పదబంధ ప్రహేళిక అని కూడా అంటారు. ఆర్థర్ విన్ తయారుచేసిన తొలి ఇంగ్లీషు నుడికట్టు 1913 డిసెంబర్ 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో వచ్చింది. తెలుగు పత్రికలు కూడా ఈ ఆటను ఆదరించాయి. శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులు స్వయంగా నుడికట్లు కూర్చారు. ఒక మాటను అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు కవికి వృత్తిలో భాగమే కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు.

ఫోను కాలంలో ఎక్కువ పేరు తెచ్చుకున్న ఆట వర్డిల్. జోష్ వార్డిల్ అనే సాఫ్ట్‌వేర్ ఇంజనీరు దీన్ని 2021 అక్టోబరులో అందరికీ అందుబాటులోకి తెచ్చాడు. 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ సంస్థ దీన్ని కొనుక్కుంది. దాచిన 5 అక్షరాల ఇంగ్లీషు పదాన్ని 6 ప్రయత్నాల్లో కనిపెట్టాలి. అక్షరం సరైన చోట ఉంటే ఆకుపచ్చ, వేరే చోట ఉంటే పసుపు, పదంలో లేకపోతే బూడిద రంగు కనిపిస్తాయి. ఇలాంటి ఆటను తెలుగులోకి తెచ్చేటప్పుడు ఒక చిక్కు వస్తుంది. అది తెలుగు లిపి స్వభావానికి సంబంధించినది.

12.4.1 అక్షరాన్ని ఎలా లెక్కించాలి?

ఇంగ్లీషులో ఉన్నవి 26 అక్షరాలే. తెలుగులో హల్లుకు అచ్చు గుర్తు చేరి ఒక అక్షరమవుతుంది. గుణింతాలే వందల్లో ఉంటాయి. ఒత్తులు కూడా చేరితే ఆ సంఖ్య వేలకు చేరుతుంది. పైగా ‘అక్షరం’ అనే మాటకు కంప్యూటరు ఒక అర్థం చెబుతుంది, నుడికట్టు మరో అర్థం చెబుతుంది, ఛందస్సు ఇంకో అర్థం చెబుతుంది. మన ప్రాంతపు రెండు ఊళ్ళ పేర్లనే తీసుకుందాం.

మేడ్చల్: యూనికోడ్ పద్ధతిలో కంప్యూటరు దీన్ని మ, ఏత్వం, డ, పొల్లు గుర్తు, చ, ల, పొల్లు గుర్తు అని 7 గుర్తులుగా దాచుకుంటుంది. నుడికట్టులో రాస్తే మే–డ్చ–ల్ అని 3 గళ్ళు పడతాయి. ఛందస్సులో పొల్లు హల్లు ముందున్న అక్షరంలో కలిసిపోతుంది కాబట్టి మే–డ్చల్ అని 2 అక్షరాలే. రెండూ గురువులు.

శామీర్‌పేట: ‘ర్’ కింద ‘ప’ ఒత్తుగా మారకుండా పొల్లుగా నిలవడానికి మధ్యలో కనిపించని గుర్తు ఒకటి వేస్తారు. దానితో కలిపి కంప్యూటరు లెక్కలో 10 గుర్తులు. నుడికట్టులో శా–మీ–ర్–పే–ట అని 5 గళ్ళు. ఛందస్సులో శా–మీర్–పే–ట అని 4 అక్షరాలు.

ఒకే పేరుకు మూడు లెక్కలు వచ్చాయి. వీటిలో ఏదీ తప్పు కాదు, దేని అవసరం దానిది. కాని ఆటను తయారుచేసేవారు ఏ లెక్కను పాటిస్తున్నారో ముందే చెప్పకపోతే ఆడేవారు తికమకపడతారు. కంప్యూటరు లెక్కనే అక్షరాల లెక్కగా తీసుకుంటే ‘స్త్రీ’ అనే ఏకాక్షర పదం 6 గళ్ళు ఆక్రమిస్తుంది! తెలుగు చదివే కంటికి అది సహజంగా ఉండదు.

ఊహించే ఆటల్లో సూచన ఇచ్చే పద్ధతి కూడా మారాలి. దాచిన పదం ‘చెరువు’ అనుకోండి. మీరు ‘చలువ’ అని ప్రయత్నించారు. అక్షరాలుగా పోలిస్తే ఒక్కటీ కలవదు, మూడూ బూడిద రంగులోనే ఉంటాయి. నిజానికి మీరు పదానికి చాలా దగ్గరగా వచ్చారు. మొదటి గడిలో చకారం, మూడో గడిలో వకారం సరైనవే. రెండో గడిలో ఉత్వం సరైనదే. కాబట్టి తెలుగు ఆట హల్లు కలిసిందా, గుణింతం కలిసిందా అన్నది విడివిడిగా చెప్పాలి. అలా చెప్పినప్పుడు ఆడేవారికి తెలుగు అక్షర నిర్మాణం కూడా బోధపడుతుంది.

12.5 ఏ మాటకు చోటు?

ఆన్‌లైన్ ఆటలన్నిటి వెనుకా ఒక పదపట్టిక ఉంటుంది. మీరు కొట్టిన మాట ఆ పట్టికలో ఉంటేనే ఆట ఒప్పుకుంటుంది. లేకపోతే ‘ఇలాంటి పదం లేదు’ అంటుంది. ఈ చిన్న సందేశంలో రచయితకు ఒక పెద్ద ప్రమాదం ఉంది.

జాతీయ రహదారి మీద హైదరాబాద్ నుంచి మేడ్చల్ వెళ్ళేటప్పుడు కండ్లకోయ వస్తుంది. ఆ పేరులో వినిపించే ‘కండ్లు’ తెలంగాణ ఇళ్ళలో రోజూ వాడే మాట. పత్రికల్లో, పాఠ్యపుస్తకాల్లో ‘కళ్ళు’ ఎక్కువగా కనిపిస్తుంది. పదపట్టికను పత్రికల భాష నుంచి మాత్రమే తయారుచేస్తే ‘కళ్ళు’ చేరి ‘కండ్లు’ బయట ఉండిపోవచ్చు. అలాగే సోయి, తొవ్వ, పైలం, ఇగురం వంటి మాటలు కూడా. ఆట తిరస్కరించిన ప్రతిసారీ ఆడే వ్యక్తి ‘నా మాట తప్పేమో’ అనుకుంటాడు. ఆటలో వదిలేసిన మాటను రేపు కథలో కూడా వదిలేస్తాడు. పాత్రల సంభాషణల్లోంచి వాళ్ళ ఊరు మాయమవుతుంది.

‘ఇలాంటి పదం లేదు’ అన్నదానికి సరైన అర్థం ‘నా పట్టికలో లేదు’ అని మాత్రమే. ‘కండ్లు’ అనే రూపాన్ని సి.పి. బ్రౌన్ 1852లో ప్రచురించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులోనే చూడవచ్చు. బ్రౌన్ నిఘంటువుతో సహా పలు నిఘంటువులను ‘ఆంధ్రభారతి’లో ఆన్‌లైన్‌లో వెతుక్కోవచ్చు. తెలంగాణ మాటల కోసం నలిమెల భాస్కర్ కూర్చిన ‘తెలంగాణ పదకోశం’ ఉంది. ఆట కాదన్న ప్రతి మాటనూ ఇలాంటి చోట్ల వెతకండి, ఇంట్లో పెద్దవారిని అడగండి. ఆ మాటకు అర్థం, ఎవరి నోట విన్నారో ఆ సందర్భం ఒక నోటుపుస్తకంలో రాసుకోండి. కొన్ని నెలల్లో అది మీ సొంత పదపట్టిక అవుతుంది. రచయితకు ఆటలో వచ్చే మార్కులకన్నా ఈ పట్టిక విలువైనది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. ‘శామీర్‌పేట’ అనే పేరును నుడికట్టులో, ఛందస్సులో ఎన్ని అక్షరాలుగా లెక్కిస్తారు? తేడా ఎందుకు?
2. ఆట ఒక మాటను తిరస్కరిస్తే మీరు చేయవలసిన పని ఏమిటి?

12.6 ఆటను రచనగా మార్చుకోవడం

కింది అయిదు అభ్యాసాలను ఫోనులోగాని, కాగితం మీదగాని చేయవచ్చు. ప్రతి అభ్యాసం చివరా కనీసం ఒక వాక్యం రాయడం తప్పనిసరి.

అభ్యాసం 1: పేరులో మాటలు. ఒక ఊరి పేరులోని అక్షరాలతో వీలైనన్ని మాటలు కూర్చండి. శామీర్‌పేట దాటాక వచ్చే మూడుచింతలపల్లిని తీసుకుందాం. అక్షరాలు: మూ, డు, చిం, త, ల, ప, ల్లి. వరుసలోనే మూడు, చింత, తల, పల్లి కనిపిస్తాయి. వరుస మారిస్తే మూల, తల్లి, పడు వస్తాయి. ఇంకొంచెం వెతికితే ‘తలపడు’ దొరుకుతుంది. ఇప్పుడు వీటిలో నాలుగు మాటలతో ఒక వాక్యం: “ఊరి మూలనున్న చింత నరుకుతామన్న రోజు మా తల్లి ఒక్కతే వాళ్ళతో తలపడింది.” చెట్టు, ఊరు, తల్లి, ఒక తగాదా. కథకు కావలసిన సరంజామా ఒక ఊరి పేరులోంచే వచ్చింది. ‘చింత’కు చెట్టు అనే అర్థంతోపాటు దిగులు అనే అర్థమూ ఉందని కూడా గుర్తుంచుకోండి.

అభ్యాసం 2: గొలుసు. అంత్యాక్షరిలాగా చివరి హల్లుతో తరవాతి పేరు మొదలవ్వాలి. గుణింతాన్ని పట్టించుకోనక్కరలేదు. మేడ్చల్ – లక్ష్మాపూర్ – రావల్‌కోల్ – లాల్‌గడి మలక్‌పేట. ఇక్కడ ‘ట’ దగ్గర గొలుసు ఆగుతుంది. టకారంతో మొదలయ్యే తెలుగు మాటలు తక్కువ. ఇబ్బంది వచ్చిన ఈ చోటే ఆట లాభం. వెతకగా ‘టముకు’ దొరికిందనుకోండి. ఊళ్ళో సంగతులు టముకు వేసి చెప్పిన కాలాన్ని, ఇప్పుడు అవే సంగతులు ఫోనుకు వస్తున్న కాలాన్ని పక్కపక్కన పెట్టి రెండు వాక్యాలు రాయండి.

అభ్యాసం 3: ఫోనే పృచ్ఛకుడు. మనం తెలుగులో టైపు చేస్తుంటే కీబోర్డు పైన ఒక పట్టీలో తరవాత రాబోయే మాటలను ఫోను ఊహించి చూపిస్తుంది. నిషిద్ధాక్షరిలో పృచ్ఛకుడు చేసే పని కూడా ఇదే. తేడా ఏమిటంటే పృచ్ఛకుడు ఊహించినదాన్ని నిషేధిస్తాడు, ఫోను అదే వాడమని చేతికి అందిస్తుంది. కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: పట్టీలో కనిపించిన ఏ మాటనూ వాడకూడదు. ఆ నియమంతో అయిదు వాక్యాలు రాయండి. మీ వాక్యాల్లో ఎంత భాగం ముందే ఊహించదగినదో మీకే తెలిసివస్తుంది.

అభ్యాసం 4: పెదవి తగలని పేరా. ప, ఫ, బ, భ, మ అనే హల్లులు లేకుండా శామీర్‌పేట చెరువును వర్ణించండి. ప్రారంభ దశలో సున్నను మినహాయించవచ్చు. ముందు నియమం లేకుండా రాసిన పేరా చూడండి.

“శామీర్‌పేట చెరువు చాలా బాగుంటుంది. పొద్దున్నే పక్షులు వస్తాయి. తరవాత మనుషులు వస్తారు. సాయంత్రం మక్క కంకులు కాల్చే పొగ వస్తుంది. పొద్దు మునిగే దృశ్యం మనోహరంగా ఉంటుంది.”

ఇప్పుడు నియమంతో రాసినది:

“రాజీవ్ రహదారికి దగ్గరలో విస్తరించిన చెరువు. తెల్లవారుతుండగానే కొంగలు ఒడ్డున నిలిచి నీటిలోకి తలలు వంచుతాయి. ఎండ ఎక్కేకొద్దీ నగర జనం కార్లు దిగుతారు. సాయంత్రానికి కంకులు కాలే వాసన గాలిలో తేలుతుంది. దాని వెనకే సూర్యుడు నీటి అంచుకు జారతాడు.”

రెండింటినీ పోల్చండి. మకార పకారాలు నిషిద్ధం కాబట్టి ఊరి పేరే రాయడానికి వీలులేదు. పేరు చెప్పకుండా చోటును గుర్తుపట్టించాలి. పొడుపు కథ చేసే పని కూడా ఇదే. ‘బాగుంటుంది’, ‘మనోహరం’ అనే మెప్పుదల మాటలు రెండూ నియమం వల్ల తొలగిపోయాయి. మెచ్చుకునే వీలు లేనప్పుడు చూపించక తప్పలేదు. ‘పక్షులు’ అనే జాతివాచకం పోయి ‘కొంగలు’ వచ్చాయి. ‘పొగ’ పోయి ‘వాసన’ వచ్చింది, అంటే కంటికి బదులు ముక్కు పనిచేసింది. నష్టం కూడా ఉంది. ‘మక్క’, ‘పొద్దు’ అనే చక్కని మాటలు పోయాయి. అందుకే ఆట అయిపోయాక పేరాను మళ్ళీ చదివి, పోగొట్టుకున్న మంచి మాటలను తిరిగి తెచ్చుకోవాలి. ‘సూర్యుడు’ ఉన్న చోట ‘పొద్దు’ పెట్టండి. ‘బాగుంటుంది’ని మాత్రం తేవద్దు. నియమం కట్టడానికి వేసిన పరంజా లాంటిది. గోడ నిలిచాక దాన్ని విప్పేయవచ్చు.

అభ్యాసం 5: వచన సమస్య. చివరి వాక్యం ఇస్తాం. దానికి ముందు మూడు వాక్యాలు రాసి అర్థం కుదర్చండి. సమస్య: “చెరువు ఎండిన నాడే చేపలు నవ్వాయి.” ఒక పూరణ ఇలా ఉండవచ్చు: “వేసవి సెలవులకు ముందు పిల్లలు బడి గోడ మీద చెరువు బొమ్మ వేశారు. నీలం రంగు ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఆరాక దాని మీద చేపలు గీసి, కండ్లు, నోళ్ళు దిద్దారు. చెరువు ఎండిన నాడే చేపలు నవ్వాయి.” ఇక్కడ ‘ఎండడం’ అనే క్రియకు ఉన్న రెండో అర్థం మొత్తం దృశ్యాన్ని నిర్మించింది. ఇదే సమస్యకు మీరు వేరే పూరణ రాయండి.

12.7 కాలక్షేపానికి, సాధనకు మధ్య హద్దు

పదాన్ని గుర్తుపట్టడం ఒక శక్తి, పదాన్ని సొంత వాక్యంలో వాడటం వేరొక శక్తి. నుడికట్లు నింపడం, దాచిన పదాన్ని ఊహించడం మొదటి శక్తిని పెంచుతాయి. రచనకు కావలసింది రెండోది. నుడికట్టులో ‘తొవ్వ’ నింపినవారు తమ కథలో ‘దారి’ అనే రాస్తుంటే ఆ మాట ఇంకా వారిది కాలేదన్నమాట. అందువల్ల ఊహించే ఆటలను పూర్తిగా మానుకోనక్కరలేదు. ఆటలో కొత్తగా తగిలిన మాటతో వెంటనే ఒక వాక్యం రాస్తే చాలు, గుర్తింపు వాడుకగా మారుతుంది.

సమయం విషయంలో కూడా జాగ్రత్త అవసరం. వర్డిల్‌లో రోజుకు ఒకే పదం ఇస్తారు. ఆ హద్దు ఆటలోనే ఉంది. హద్దు లేని ఆటల్లో మార్కులు, స్థాయిలు, వరుసగా ఎన్ని రోజులు ఆడారన్న లెక్కలు మనిషిని పట్టి ఉంచుతాయి. అక్కడ హద్దును మనమే పెట్టుకోవాలి. శామీర్‌పేట నుంచి తూంకుంట, హకీంపేట, అల్వాల్ మీదుగా జూబ్లీ బస్ స్టేషన్‌కు వెళ్ళే విద్యార్థి మొదటి రెండు మూడు స్టాపుల వరకు ఆట, ఆ తరవాత దిగేదాకా రాయడం అని నియమం పెట్టుకోవచ్చు. సీటు దొరకని రోజున మనసులోనే దత్తపది ఆడుకోవచ్చు. దుకాణాల బోర్డుల మీది నాలుగు మాటలు చాలు.

ఆట ఒంటరిగా ఆడేకన్నా తోడుతో ఆడితే మేలు. మీ అధ్యయన కేంద్రంలో పరిచయమైన నలుగురు కలిసి రోజుకొకరు పృచ్ఛకులుగా ఉండండి. ఒకరు సమస్య ఇస్తారు, మిగిలినవారు రాత్రిలోగా పూరణ పంపుతారు. ఇందులో యంత్రం పదపట్టిక ఉండదు. ఒకరు వాడిన మాట మరొకరికి తెలియకపోతే ‘అట్లాంటి మాట లేదు’ అనరు, ‘మీ దిక్కు దాని అర్థమేంది?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న దగ్గర రెండు ఊళ్ళ తెలుగు కలుస్తుంది.

12.8 సారాంశం

పదక్రీడలోని నియమం మొదట తట్టే మాటను అడ్డుకుని, రచయితను వస్తువు వైపు మళ్ళీ చూసేలా చేస్తుంది. అచ్చ తెలుగు, నిరోష్ఠ్య కావ్యాలు, అవధానంలోని దత్తపది, సమస్య, నిషిద్ధాక్షరి ఈ సూత్రం మీదే నడిచాయి. ఇంగ్లీషు అక్షరాల లెక్కతో పుట్టిన ఆటలను తెలుగులోకి తెచ్చేటప్పుడు హల్లు, గుణింతం, ఒత్తు, పొల్లుల స్వభావాన్ని గమనించాలి. ఆటలోని పదపట్టిక భాషకు తుది తీర్పరి కాదు. అది కాదన్న మాటలను సొంత పట్టికలో రాసుకోవాలి. ఆట ముగిసేసరికి మన వాక్యం ఒకటి మిగిలితే అది సాధన, మిగలకపోతే వినోదం. వినోదం తప్పు కాదు. కాని దాన్ని సాధన అనుకోవడం వల్ల రాయవలసిన సమయం పోతుంది.

12.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి – సమాధానాలు

ప్రగతి – 1
1. సంస్కృతం నుంచి మార్పు లేకుండా వచ్చిన తత్సమ పదాలు నిషిద్ధం.
2. రెండింటిలోనూ ముగింపుకు దారితీసే పరిస్థితిని, దాన్ని సమర్థించే కారణాలను నిర్మించాలి.

ప్రగతి – 2
1. నుడికట్టులో 5, ఛందస్సులో 4. ఛందస్సులో పొల్లు హల్లు ముందరి అక్షరంలో కలిసిపోవడం వల్ల తేడా వస్తుంది.
2. నిఘంటువుల్లో వెతకాలి, పెద్దవారిని అడగాలి, అర్థాన్నీ సందర్భాన్నీ సొంత పట్టికలో రాసుకోవాలి.

12.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. పదక్రీడలోని నియమం రచనకు ఎలా తోడ్పడుతుందో ప్రాచీన, ఆధునిక ఉదాహరణలతో వివరించండి.
2. ఆన్‌లైన్ పదక్రీడలు తెలుగు భాషకు, ప్రాంతీయ పదాలకు సంబంధించి లేవనెత్తే సమస్యలను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నిషిద్ధాక్షరికి, ఫోను కీబోర్డు సూచనలకు ఉన్న పోలికను, తేడాను తెలపండి.
2. ప, ఫ, బ, భ, మ లేకుండా మీ ఊరిని గురించి ఒక పేరా రాసి, ఏ మాటలు పోగొట్టుకున్నారో, ఏ మాటలు సంపాదించుకున్నారో పేర్కొనండి.
3. మీ ఊరి పేరులోని అక్షరాలతో వీలైనన్ని పదాలు కూర్చి, వాటిలో మూడింటితో ఒక వాక్యం రాయండి.